‘సంసారం’ అసలు అర్థం ఏంటి? ఎవర్ని అడుగుతున్నారు?

సోషల్ మీడియాలో ఈ మధ్య ఒక ధోరణి బాగా ముదిరింది. ఎవరో ఒకరు ఒక పదం పట్టుకొస్తారు, దీనికి సంస్కృతంలో అర్థం ఇదీ, తెలుగువాళ్ళు తెలీక పాడుచేశారు అని తీర్పు చెప్పేస్తారు, కింద జనం ‘అవునా, ఇన్నాళ్ళూ తప్పుగా వాడామా’ అని బాధపడిపోతుంటారు. ఆ వాదన చూసినప్పుడల్లా నాకు మండుతుంది. పుట్టుకని బట్టి మాటకి అర్థం ఖరారు కాదు, మాట్లాడేవాళ్ళని బట్టి ఖరారవుతుంది. ఇది చెప్పడానికి నాకు ఒక్క పదం చాలు, సంసారం.

ఆఫీసులో ఒకసారి మీటింగ్ అయ్యాక ఒక మలయాళీ కొలీగ్ లాప్‌టాప్ మూస్తూ పక్కావిడతో ‘నాళె సంసారిక్కాం’ అంది. నేను నిజంగానే ఉలిక్కిపడ్డా. ఆవిడన్నది ‘రేపు మాట్లాడుకుందాం’ అని, అంతే. మలయాళంలో సంసారం అంటే మాట. ఫోన్లో సంసారిస్తారు, స్టేజి ఎక్కి సంసారిస్తారు, పసిపిల్లకి మాటలొస్తే సంసారించడం మొదలెట్టిందని మురిసిపోతారు. మనకి ఒక్క రాష్ట్రం అవతల ఇల్లూ వాకిలీ మొగుడూ పెళ్ళాల ఊసే లేకుండా ఆ మాట హాయిగా బతికేస్తోంది, అక్కడెవరికీ తాము తప్పు మాట్లాడుతున్నామన్న బెంగ లేదు.

సరే, మూలానికే పోదాం. సంస్కృతంలో ‘సృ’ అంటే కదలడం, పారడం. సరిత్తు అంటే నది అన్నది దాన్నుంచే, మనం రోజూ వాడే అనుసరించడం, ప్రసారం కూడా ఆ ఇంటివే. దానికి ముందు ‘సమ్’ చేరితే సంసారం, ఆగకుండా సాగిపోవడం, తిరుగుతూ ఉండటం. తర్వాత ఉపనిషత్తుల్లో, బౌద్ధంలో, జైనంలో అది చావుపుట్టుకల చక్రం అయింది. ఇక్కడే నా ప్రశ్న. అసలు అర్థం అంటే ఏది, పారడమా, పునర్జన్మా? సంస్కృతం గడప దాటకముందే మాట అర్థం మార్చుకుంటే, దాటాక మనం మార్చడం మాత్రం నేరం ఎలా అయింది?

అది తూర్పు దేశాలకెళ్ళి ఏమైందో చూస్తే ఇంకా బావుంటుంది, నాకు ఎన్నిసార్లు తల్చుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. థాయ్ భాషలో అది ‘సొంగ్‌సాన్’ అయింది, అర్థం జాలిపడటం. కిందపడి ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి వాళ్ళు ‘నా సొంగ్‌సాన్’ అంటారు, మన ‘అయ్యో పాపం’ లాగా. జన్మల చక్రంలో తిరగడం అంటే కష్టం, కష్టంలో ఉన్నవాణ్ణి చూస్తే జాలి, అలా జరుగుతూ జరుగుతూ మాట అనుభవించేవాడి దగ్గర్నుంచి చూసేవాడి గుండెలోకి వచ్చేసింది. పాత అర్థం చెప్పాల్సొస్తే ముందు ఇంకో మాట తగిలించి ‘వట్టసొంగ్‌సాన్’ అంటారు, రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. కంబోడియాలో ఖ్మేర్ మాట్లాడేవాళ్ళకి ‘సొంగ్‌సా’ అంటే ప్రియుడు, ప్రియురాలు. ఏ బంధాలు తెంచుకుని బయటపడమని బౌద్ధం చెప్పిందో, ఆ బంధం పేరే ముద్దుగా ప్రేమించినవాళ్ళకి పెట్టుకున్నారు!

ఇండోనేషియాలో అది ‘సెంగ్‌సార’, అంటే యాతన. ఏసుక్రీస్తు సిలువ శ్రమల్ని అక్కడి క్రైస్తవులు చెప్పుకునేది ఈ మాటతోనే. పునర్జన్మని నమ్మని మతం, పునర్జన్మల చక్రానికి పేరైన మాటలో తన అతి పవిత్రమైన దుఃఖాన్ని చెప్పుకుంటోంది. ఇప్పుడు వెళ్ళి వాళ్ళకి చెప్తారా, మీరు తప్పుగా ప్రార్థిస్తున్నారని?

మన చుట్టుపక్కల చూసినా అంతే. హిందీలో సంసార్ అంటే ప్రపంచం. మరాఠీ, బెంగాలీల్లో మనలాగే కాపురం, కుటుంబం. కన్నడంలో, తమిళంలో ఇంకాస్త ముందుకెళ్ళి భార్యని కూడా అంటారు. ఇంకో తమాషా, మనం లోకానికి వాడే ‘ప్రపంచం’ మరాఠీకెళ్ళి ఇంటి బాధ్యత, సంసారం అయింది, హిందీకెళ్ళి మాయ, కుట్ర కూడా అయింది.

తెలుగువాళ్ళు పాడుచేశారంటారు కదా, మనం చేసిందేంటో చూడండి. ‘ఎలాగోలా సంసారం ఈదుకొస్తున్నాం’ అంటాం. మోస్తున్నాం అనొచ్చు, లాగుతున్నాం అనొచ్చు, అవీ అంటాం, కానీ ముందు నోట్లోకొచ్చేది ఈదడమే. సంసార సాగరం అనే పాత పోలిక నుంచి వచ్చిందే కావచ్చు, అయినా సంస్కృతం ముక్క రాని మనిషి నోట్లో కూడా ఆ మాటలో నీళ్ళున్నాయి. ఆడంబరం లేకుండా పొదుపుగా ఉంటే ‘సంసారపక్షంగా ఉంది’ అంటాం, ఇంత అందమైన మెచ్చుకోలు ఏ నిఘంటువో ఇచ్చింది కాదు, జనం చేసుకున్నది.

అవతలి వాదన ఒకటుంది, దాన్ని నేను కొట్టిపారేయను. మాటలకి అర్థాలు ఇష్టమొచ్చినట్టు మారిపోతే పాత పుస్తకాలు ఎలా చదువుతాం, దేశం మొత్తానికి పనికొచ్చే పదాలు ఎలా వస్తాయి, సంస్కృతం అయితే అందరికీ ఉమ్మడి కదా అంటారు. రాజ్యాంగం 351వ అధికరణం కూడా హిందీకి కొత్త పదాలు కావాలంటే ముఖ్యంగా సంస్కృతం నుంచి తీసుకోమంది. పాత పుస్తకానికి పాత అర్థం తెలియాలి, ఒప్పుకుంటా. కానీ ‘అందరికీ ఉమ్మడి’ అన్నదే అబద్ధం. అక్షరాలు ఉమ్మడి, అర్థాలు కావు.

నేను ఇంత దూరం వచ్చింది కూడా ఈ మాట కోసమే. ఢిల్లీలో పథకానికి హిందీలో పేరు పెడతారు, దాన్ని తెలుగు చెయ్యరు, తెలుగు లిపిలో దించేస్తారు. 2001లో బడి చదువుల కోసం మొదలైన సర్వశిక్షా అభియాన్‌ని 2018లో సమగ్ర శిక్షలో కలిపారు. హిందీలో శిక్ష అంటే చదువు, బెంగాలీలోనూ అంతే. తెలుగులో? శిక్షణ, శిక్షకుడు అనే మాటల్లో నేర్పడం అనే అర్థం మిగిలి ఉంది, నిజమే, కానీ ఒట్టి ‘శిక్ష’ అంటే దండన. మలయాళంలో దండన. మరాఠీలోనూ దండనే, కాబట్టి దీన్ని ఉత్తరాది దక్షిణాది గొడవ చేసి తప్పించుకోవడం కుదరదు.

అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం అప్పుడే వచ్చిన రెండో తరగతి పిల్ల బడి గోడ మీద పెద్దక్షరాల్లో ‘సమగ్ర శిక్ష’ అని చదివితే ఆ పిల్లకి ఏం అర్థమవుతుంది? మూలంలో అర్థం వేరమ్మా అని ఎవరు పక్కన నిలబడి చెప్తారు? బడి గోడ మీద తెలుగు రాసేది ఆ పిల్ల కోసం. ‘విద్య’ అని రాయొచ్చు, అదీ సంస్కృతమే, హిందీవాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు, ఎవరికీ నష్టం లేదు. ఇంకా మంచి మాట కావాలంటే ‘చదువు’ ఉండనే ఉంది. కేంద్రం పేరు ఏది పెట్టుకున్నా తెలుగు బడి గోడ మీద ఏం రాయాలో తెలుగువాళ్ళని అడిగి రాయాలి, రెండు తెలుగు ప్రభుత్వాలూ ముందు ఆ పెయింటు డబ్బా తెప్పించాలి.