సినెరామా: డిస్కులో ఇమడని సినిమా

వెడల్పాటి తెర కోసం తీసిన పాత చిత్రాలను ఇంట్లో చూస్తే సరిపోతుందా అని అడిగితే, చాలావాటి విషయంలో సరిపోతుందనే చెప్పాలి. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులోకి వచ్చిన సినిమాస్కోప్ బొమ్మ పాతకాలపు టీవీని నిండుగా నింపాలంటే పక్కల నుంచి నలభై శాతానికి పైగా కోసేయవలసి వచ్చేది. ఇప్పుడు పైనా కిందా నల్లపట్టీలతో బొమ్మ మొత్తం దక్కుతోంది. ఆ పట్టీలను చూసి విసుక్కునేవారు ఇంకా ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఈ సర్దుబాటుకు లొంగనిది సినెరామా. 1952 సెప్టెంబరు 30న న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరిగిన ఈ పద్ధతిలో ఒకే దృశ్యాన్ని మూడు 35ఎంఎం ఫిల్ములపై చిత్రీకరించి, సెకనుకు 26 ఫ్రేముల చొప్పున మూడు ప్రొజెక్టర్లతో 146 డిగ్రీల వంపు తెరపై పక్కపక్కన వేసేవారు. ఏడు ట్రాకుల శబ్దానికి మరో ఫిల్ము ఉండేది. వంపు వల్ల ఒక చివర పడిన వెలుగు రెండో చివరకు కొట్టి బొమ్మ పాలిపోకుండా, తెరనే వందలాది నిలువు పట్టీలుగా అమర్చారు.

ఈ పద్ధతిలో తీసిన ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’ (1962) 2008లో బ్లూరేగా వచ్చినప్పుడు, మూడు బొమ్మల మధ్య అతుకులను కంప్యూటర్ సాయంతో దాదాపు చెరిపేశారు. ఆ ఒక్క విషయంలో ఇంటి ప్రేక్షకుడు నాటి హాలు ప్రేక్షకుడి కంటే అదృష్టవంతుడు. కానీ మూడు కటకాలు మూడు దిక్కులకు చూసే ఆ కెమెరా ముందు నటులు ఎదుటివారి కళ్లలోకి కాక పక్కకు చూస్తూ సంభాషణ చెప్పవలసి వచ్చేది. వంపు తెరపై ఆ చూపులు కలిసినట్టే ఉంటాయి. చదును టీవీపై మాత్రం ఒకరితో ఒకరికి సంబంధం లేనట్టు కనిపిస్తారు. దీనికి విరుగుడుగా, అంచులు ఎత్తుగా, నడుమ సన్నంగా ఉండే ‘స్మైల్‌బాక్స్’ రూపం కూడా అదే బ్లూరేలో ఇచ్చారు. తెలివైన ఉపాయమే గాని, అది వంపును బొమ్మగా గీసి చూపుతుంది తప్ప ప్రేక్షకుణ్ణి ఆ వంపులో కూర్చోబెట్టదు. 55 అంగుళాల టీవీని ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే అది మన చూపులో 28 డిగ్రీలే ఆక్రమిస్తుంది, అంటే సినెరామా కోణంలో ఐదో వంతు.

కనుక ఇక్కడ ఫిల్మును డిజిటల్‌లోకి ఎక్కించి భద్రపరచినంత మాత్రాన సినిమాను భద్రపరచినట్టు కాదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియం వారి పిక్చర్‌విల్ థియేటర్ 1993 నుంచి మూడు ప్రొజెక్టర్ల పద్ధతిని నిలబెట్టుకుంటూ రావడం అందుకే ముఖ్యం. ఖర్చు తక్కువేమీ కాదు: ఒక ఫిల్ములో ఫ్రేము చినిగితే, మిగతా రెండింటితో, శబ్దంతో లయ తప్పకుండా అక్కడ నల్ల ఫ్రేము అతకాలి, అది తెలిసిన ఆపరేటర్లను తయారుచేసుకోవాలి. మన ఊళ్లలో చాలా హాళ్ల పేర్లలో 70ఎంఎం మిగిలింది గాని, ఆ ప్రొజెక్టర్ నడిపే చేతులు మిగల్లేదు. నిధులు పరిమితమైనప్పుడు, ఇప్పటికే డిస్కుకెక్కిన సినెరామా చిత్రాన్ని మరోసారి మెరుగుపరచడం కంటే, ఆ యంత్రాలకూ వాటిని నడిపేవారి శిక్షణకూ డబ్బు కేటాయించడమే సమంజసం.