చూడని మీటరుకు వేసిన బిల్లు

గత ఏప్రిల్ మొదటి వారంలో మా చిన్నమ్మ ఫోన్ చేసింది. కర్నూలులో కల్లూరు వైపు ఉంటుంది. "కరెంటు బిల్లు పదహారు వందలు దాటింది నాయనా, మనం ఇంత వాడినామా?" అని అడిగింది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నెలకు గౌరవ వేతనం 3,000 రూపాయలు. అందులో సగానికి పైగా ఒక్క కరెంటుకే పోతే ఆ నెల ఇల్లు ఎలా గడవాలి?

వెళ్లి చూశాను. పాత బిల్లులన్నీ క్యాలెండర్ మేకుకు గుచ్చి ఉన్నాయి. స్పాట్ బిల్లు కాగితం కదా, ఎండకు సగం అక్షరాలు పోయాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చదివితే విషయం బయటపడింది. వరుసగా మూడు నెలలు ఒకటే లెక్క, 60 యూనిట్లు. కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో "డోర్ లాక్" అని ఉంది. అంటే ఇంటికి తాళం ఉంది, మీటరు చూడలేదు, అంచనాతో బిల్లు వేశాం అని. కానీ డిసెంబరు నుంచి ఆమె కూతురు పురుటికని వచ్చి అక్కడే ఉంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు. ఆ మూడు నెలల్లో తలుపుకు తాళం పడిన రోజే లేదు.

బాలింతకు, బిడ్డకు వేడినీళ్లు కావాలి, రాత్రంతా లైటు వెలగాలి. వాడకం నెలకు 120 యూనిట్లకు చేరింది. అంచనా మాత్రం పాత సగటు పట్టుకుని 60 దగ్గరే ఆగింది. నాలుగో నెల ఎవరో నిజంగా మీటరు చూశారు. చివరి అసలు రీడింగు నుంచి లెక్కేస్తే 480 యూనిట్లు తిరిగింది. ముందు వేసిన 180 తీసేసి, మిగిలిన 300 యూనిట్లూ ఒకే నెల ఖాతాలో వేశారు.

నష్టమంతా ఇక్కడే జరిగింది. మన రాష్ట్రంలో 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం ఇంటి కరెంటుకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. నెలకు 120 యూనిట్లు వాడితే 394.50 రూపాయలు అవుతుంది. నాలుగు నెలలకు 1,578. అదే 300 యూనిట్లను ఒకే నెలకు వేస్తే 1,673.25. అంతకుముందు 147 చొప్పున మూడు నెలలు కట్టిన 441 కలిపితే 2,114.25. తేడా 536 రూపాయల పైచిలుకు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం నేను ఇందులో కలపలేదు. చిన్నమ్మ ఏ నెలా 4.50 స్లాబు దాటలేదు. కానీ బిల్లులో ఆమె యూనిట్లు 75 దాకా 8.75 స్లాబులోకి వెళ్లాయి. ఆమె వాడిన కరెంటుకు ఆమె కట్టాల్సిందే, అందులో వాదనకు తావు లేదు. మీటరు చూడని తప్పుకు కూడా ఆమే ఎందుకు కట్టాలన్నదే నా ప్రశ్న.

దీన్ని ట్రూ అప్ (గత ఏళ్లలో అంచనాకు మించి అయిన ఖర్చును తర్వాత బిల్లుల్లో రాబట్టడం), ఇంధన సర్దుబాటు చార్జీలతో కలిపి చూడకూడదు. అవి అందరి మీదా పడే భారం, వాటి మీద గొడవ వేరు. ఇది ఒక్కో ఇంటి మీద విడిగా పడుతుంది కాబట్టి ధర్నాలు జరగవు, పేపర్లో రాదు. కౌంటర్ దగ్గర "ముందు కట్టమ్మా, తర్వాత చూద్దాం" అన్న మాటతోనే ముగిసిపోతుంది. మాకూ మొదట అదే చెప్పారు.

చట్టం మాత్రం అలా చెప్పడం లేదు. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ప్రతి బిల్లింగ్ కాలంలో ఒక్కసారైనా మీటరు చూడాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి అంచనా బిల్లులు ఇవ్వకూడదు. మించితే, విపత్తుల్లాంటి సందర్భాల్లో తప్ప, అసలు రీడింగుతో బిల్లు వచ్చేదాకా కట్టనని చెప్పే హక్కు మనకుంది. వరుసగా రెండుసార్లు మీటరు అందుబాటులో లేకపోతే రీడింగు, తేదీ కనిపించేలా ఫోటో తీసి రిజిస్టర్ చేసిన ఫోన్ నుంచి పంపవచ్చు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ఇంకో రక్షణ ఇస్తుంది. బాకీ ఉందని కనెక్షన్ తీయాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన అయ్యే మొత్తం గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడితే వివాదం తేలేదాకా కరెంటు తీయడానికి వీల్లేదు. ఈ ఒక్క మాట తెలిస్తే చాలామందికి సగం టెన్షన్ తగ్గుతుంది.

వాడకాన్ని నెలవారీగా విడగొట్టాలంటే కంప్యూటర్‌లో కుదరదని కూడా కౌంటర్లో మాకు చెప్పారు. నేను ఒప్పుకోను. 2020 లాక్‌డౌన్‌లో, కర్నూలు వీధులు రెడ్ జోన్లుగా ఉన్నప్పుడు, రాష్ట్రంలో రీడింగులు ఆగిపోయాయి. పాత బిల్లు లెక్కన కట్టమన్నారు. మేలో మీటర్లు చూశాక బిల్లులు పెరిగాయని గోల మొదలైంది. అప్పుడు వాడకాన్ని నెలలవారీగా విడగొట్టే స్లాబులు వేశామని డిస్కంలే (విద్యుత్ పంపిణీ సంస్థలే) చెప్పాయి. అప్పుడు రాష్ట్రమంతటికీ కుదిరింది, ఇప్పుడు ఒక్క ఇంటికి కుదరదా?

దరఖాస్తు రాశాం. మీటరు ఫోటో, నాలుగు బిల్లుల జిరాక్సులు జతచేశాం. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం. రెండుసార్లు తిరిగాక నెలకు 120 చొప్పున విడగొట్టి, కట్టినది తీసేసి, 1,137గా సరిచేశారు. అక్కడ పని చేసి పెట్టిన ఉద్యోగి మంచిగానే మాట్లాడాడు. స్పాట్ బిల్లింగ్ చాలా చోట్ల కాంట్రాక్టు మీద నడిచే పని. నెల మొదట్లో కొద్ది రోజుల్లోనే వీధులన్నీ తిరగాలి, ఎండలో తిరగాలి. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వచ్చినా రాకపోయినా ఒకేలా బిల్లు కొట్టే పద్ధతి మీద ఉంది.

జిల్లా పడమటి వైపు చూస్తే ఇంకా బాధేస్తుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. ఆ ఇళ్లకు నిజంగానే తాళం ఉంటుంది, మీటరు తిరగదు. అక్కడ సగటు లెక్కన బిల్లు వేస్తే వెలగని దీపానికి డబ్బు అడిగినట్టే. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. నాలుగు నెలల వాడకం ఒకే నెలలో పడితే ఆ గీత దాటిపోతుంది. 2019లో సంక్షేమ పథకాలకు సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదన్న షరతు పెట్టినప్పటి నుంచి, పెద్ద బిల్లు చూస్తే పింఛను పోతుందేమోనని ముసలివాళ్లు భయపడటం నేను చూశాను. ఆ భయానికి కూడా ఖరీదు ఉంది.

విద్యుత్ నియంత్రణ మండలి ఇప్పుడు మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. దాని నుంచి నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. అంచనా బిల్లు అయితే "మీ మీటరు చూడలేదు" అని తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో ముద్రించాలి. డోర్ లాక్ అని కొట్టే ముందు మీటరు ఫోటోనో, తాళం ఫోటోనో తీయాలి. తర్వాత అసలు రీడింగు వచ్చిన రోజు మిషనే నెలలవారీగా విడగొట్టాలి. చదువుకున్న చుట్టం ఉన్నవాళ్లకే న్యాయం దొరికితే అది న్యాయం కాదు.

అంతదాకా మన జాగ్రత్త మనమే పడాలి. బిల్లులో పాత రీడింగు, కొత్త రీడింగు చూసి మీటరుతో పోల్చుకోవాలి. తేడా ఉంటే ఆ నెలలోనే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆఫీసులో తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

చిన్నమ్మ ఇప్పుడు ఒకటో తారీఖున ఫోన్ తీసుకుని మీటరు ఫోటో తీస్తుంది. గత వారం నేను వెళ్లినప్పుడు పక్కింటావిడను కూడా పిలిచింది. ఆమె చేతిలో రెండు బిల్లులు ఉన్నాయి. రెండింటి మీదా డోర్ లాక్ అనే ఉంది. బయటికొచ్చి చూశాను. వాళ్ల మీటరు వీధి వైపు గోడకే ఉంది.