కార్న్‌ఫ్లోర్ గారి మీద ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ కార్న్‌ఫ్లోర్ గారి సముఖానికి,

తమరి హోదా ఏమిటో తేల్చుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. మా ఇళ్లలో తమరి కాపురం అలమరలో వెనక వరసలో. వంటసోడాకూ గడువు తీరిన కస్టర్డ్ పొడికీ మధ్య, రబ్బరు బ్యాండు చుట్టిన పొట్లంలో పడి ఉంటారు. గోబీ మంచూరియా చేయాలన్నప్పుడో, సూపు పలచబడినప్పుడో పిలుపు వస్తుంది. రెండు చెంచాలు తీసుకుని మళ్లీ వెనక్కి నెట్టేస్తారు. ఇంత అణకువ నటించే మీరు, లోపాయికారీగా ఒక జన్యువ్యాధి వైద్యాన్నంతా నలభై ఏళ్లుగా గుప్పిట్లో పెట్టుకున్నారని తెలిసి ఒళ్లు మండింది.

ఎంతమంది పెద్దల శ్రమ మీద పీట వేసుకుని కూర్చున్నారో ఒకసారి వినండి. 1929లో జర్మనీకి చెందిన వాన్ గీర్కె అనే పాథాలజిస్టు, గ్లైకోజన్ (శరీరం దాచుకునే చక్కెర నిల్వ) పేరుకుపోయి పిల్లల కాలేయం, మూత్రపిండాలు ఉబ్బిపోయే జబ్బును వర్ణించారు. దాన్నే ఇప్పుడు గ్లైకోజన్ స్టోరేజ్ డిసీజ్ టైప్ 1 అంటున్నారు. అప్పటికే నోబెల్ అందుకున్న గెర్టీ కోరీ, కార్ల్ కోరీ దంపతులు 1952లో ఆ పిల్లల కాలేయంలో గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పనిచేయడం లేదని తేల్చారు. 1993లో అమెరికాలో జానిస్ చౌ బృందం ఆ ఎంజైమ్ తాలూకు జన్యువును పట్టుకుంది. ఇంత ఘనమైన చరిత్ర ఉన్న జబ్బుకు మందేమిటయ్యా అంటే, మీరు! 1984లో చెన్, కార్న్‌బ్లాత్, సిడ్‌బరీ అనే ముగ్గురు వైద్యులు మిమ్మల్ని వైద్య పత్రికకు ఎక్కించారు. ఆ ముగ్గురిలో ఒకాయన ఇంటిపేరులోనే మీరున్నారు. ఇందులో బంధుప్రీతి లేదంటే నేను నమ్మను.

సంగతి తెలియనివారి కోసం చెబుతాను. మనం తిన్నది కాలేయం గ్లైకోజన్‌గా దాచి, ఆకలి వేళ గ్లూకోజ్‌గా విడుదల చేస్తుంది. ఈ పిల్లల దగ్గర గోదాం నిండా సరుకుంది, ఆ ఎంజైమ్ అనే తాళంచెవి లేదు. తిన్న మూడు నాలుగు గంటలకే రక్తంలో చక్కెర పడిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. పొట్ట ముందుకొస్తుంది, ఎత్తు పెరగరు. బుగ్గలు మాత్రం బొద్దుగా ఉంటాయి కాబట్టి చూడవచ్చిన బంధువులు ముచ్చటపడి దిష్టి తీయమంటారు. తల్లిదండ్రులిద్దరూ నిక్షేపంగా ఉంటారు. ఇద్దరి నుంచీ ఆ జన్యువు చెడ్డ ప్రతి ఒక్కోటి వస్తేనే జబ్బు. మేనరికాలు ఇంకా వదలని మన ఇళ్లలో ఆ రెండు ప్రతులు ఒకచోట చేరే అవకాశం మరి కాస్త ఎక్కువ. అది వేరే లేఖ, మేనరికం గారనే ఆ పెద్దమనిషికి విడిగా రాస్తాను.

మీ గొప్పతనమల్లా మెల్లగా అరగడం. పచ్చిగా తాగితే పేగుల్లో నింపాదిగా కరుగుతూ గంటల తరబడి గ్లూకోజ్‌ను జారవిడుస్తారు. ఉడికించారో, మీ రేణువులు పగిలి గబగబా అరిగిపోతారు, ఇక ఎందుకూ కొరగారు. పచ్చిపిండి తింటే కడుపునొప్పి వస్తుందని పిల్లల చేతుల మీద కొట్టే మా అమ్మమ్మల రాజ్యంలో, రోజుకు నాలుగైదు సార్లు పచ్చిపిండి తాగించమని డాక్టరు చేత చెప్పించారు. ఆ పెద్దవాళ్లకు నచ్చజెప్పే బాధ్యత మాత్రం మీరు తీసుకోలేదు. చక్కెర, పళ్లు, పాలు తగ్గించాలి, ఎందుకంటే వాటిలోని ఫ్రక్టోజ్, గెలాక్టోజ్ కూడా ఆ మూసిన తలుపు దగ్గరికే వెళ్లి లాక్టిక్ ఆమ్లంగా మారతాయి. ప్రసాదం లడ్డూ వద్దు, అరటిపండు వద్దు అనగానే పక్కింటివాళ్లు ‘అయ్యో, ఇంత చిన్న వయసులో షుగరా’ అని కాకరకాయ రసం సిఫారసు చేస్తారు. పడిపోయే చక్కెరకు కాకరకాయ! దానికి మీరేమీ అనరు, పొట్లంలో హాయిగా ఉంటారు.

రాత్రి రెండు గంటలకు మీ దర్బారు ఎలా నడుస్తుందో చెప్పనా? ఇరవై కిలోల బిడ్డకు ఒక్కో విడతకు ముప్పై గ్రాముల పైచిలుకు. తల్లి కళ్లు నులుముకుంటూ వంటింటి తూకం మీద కొలిచి, స్టీలు గ్లాసులో చల్లని నీళ్లు పోసి కలుపుతుంది. చెంచా తీసీ తీయకముందే మీరు అడుగుకు చేరతారు. పిల్లాడు కళ్లు తెరవకుండా పైన తేట తాగి గ్లాసు తోసేస్తాడు. కొలిచిన గ్రాములు అడుగునే ఉన్నాయి కదా, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ తిప్పి, తలెత్తి పట్టి తాగించాలి. ఆఖరున గ్లాసు తొలిచిన నీళ్లు కూడా. ఒక్క రోజు అలారం మోగకపోతే మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ ఇళ్లలో ఒకటికి రెండు అలారాలు. ఇంతా చేసి మీ ఖర్చు ఏ మందుల బిల్లులోనూ ఎక్కదు, కందిపప్పు కింద కిరాణా చీటీలో ఉంటుంది. ఈ మధ్య రాత్రి నిద్ర కాస్త పొడిగించే పిండి ఒకటి వచ్చిందంటే సంతోషించాను. ఆరా తీస్తే అదీ మొక్కజొన్నే, మీ దాయాదే!

మీ వల్ల మరొక మనిషి జీవితమంతా ఖర్చయింది. డేవిడ్ వైన్‌స్టైన్ అని అమెరికాలో పిల్లల ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు. ఆ విభాగంలో చేరినవారు డయాబెటిస్, థైరాయిడ్ చూసుకుంటూ సుఖంగా ఉండవచ్చు. ఈయన సుమారు లక్ష మందిలో ఒకరికి వచ్చే ఈ జబ్బును ఎంచుకున్నారు. బోస్టన్‌లో మొదలుపెట్టి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మీదుగా కనెక్టికట్ చేరారు. అంతటి డాక్టరు చదువూ ఏ బిడ్డకు ఎన్ని గ్రాముల పిండి, ఎన్ని గంటలకొకసారి అనే లెక్కలకు అంకితమైంది. మాల్టీస్ జాతి కుక్కల్లోనూ ఇదే జబ్బు ఉందని తేలడంతో, ఆ సంతతి కుక్కపిల్లలను రాత్రింబవళ్లు సాకుతూ జన్యుచికిత్సను పరీక్షించారు. దేశదేశాల పిల్లలు ఆయన దగ్గరికి వచ్చారు. పోలండ్ పిల్లలు ఆయనను ‘ఆర్డర్ ఆఫ్ ది స్మైల్’కు ఎంపిక చేశారు. మదర్ థెరిసా, దలైలామా అందుకున్న పతకం అది. అందుకునేవారు గ్లాసుడు నిమ్మరసం ముఖం చిట్లించకుండా తాగి నవ్వాలి, అదీ నియమం. పిల్లలకు పచ్చిపిండి రాసిచ్చిన డాక్టరుకు పిల్లలు విధించదగిన శిక్షే. నాకు చాలా నచ్చింది.

2018లో కనెక్టికట్‌లో తొలిసారి ఒక మనిషికి, కీడు చేయని వైరస్ మీద ఎక్కించి ఆ ఎంజైమ్ జన్యువును పంపారు. ఇక మీ పని అయిపోయిందనుకున్నాను. తరువాత అదే చికిత్స మీద జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఆశగా చదివితే, చికిత్స నెగ్గిందా లేదా అనడానికి వాళ్లు పెట్టుకున్న ప్రధాన కొలమానం ఏమిటో తెలుసా? రోజుకు తాగే కార్న్‌ఫ్లోర్ ఎంత తగ్గింది అని! 48 వారాలకు జన్యువు అందినవారిలో 41 శాతం, ఉత్తుత్తి మందు అందినవారిలో 10 శాతం తగ్గింది. మిమ్మల్ని గద్దె దించడానికి బయలుదేరినవాళ్లు సైతం మీ గ్రాముల్లోనే లెక్క అప్పజెప్పారు. వెటకారం పక్కన పెట్టి చెబుతున్నాను, రాత్రి ఒక విడత తప్పినా ఆ ఇంట్లో అది పండగే. కానీ మిగతా 59 శాతం మీద మీ పెత్తనం కొనసాగుతోంది, దానికే నా అభ్యంతరం.

కాబట్టి మర్యాదగా పదవీ విరమణ గురించి ఆలోచించండి. సన్మానం ఘనంగానే చేస్తాం. శాలువా, దండ, వక్తలు, అన్నీ ఉంటాయి. పోలండ్ పిల్లలను అడిగి ఆ నవ్వు పతకం కూడా ఇప్పిద్దామనుకున్నాం గానీ, పులుపు తగిలితే మీ రేణువులు చెడతాయని, మిమ్మల్ని నిమ్మరసంలో కలపవద్దని డాక్టర్లు ముందే చెప్పి ఉంచారు. ఆ గ్లాసు మీ బదులు ఎవరు తాగుతారో మీరే తేల్చి తిరుగు టపాలో రాయగలరు.

ఇట్లు,
మంచూరియా వరకే తమతో పని పడిన ఒక అదృష్టవంతుడు