బొట్టుబిళ్ళ దాటని వాల్యూమ్ కంట్రోల్ గారికి

మహారాజశ్రీ వాల్యూమ్ కంట్రోల్ గారి దివ్య సముఖానికి,

చిక్కడపల్లి నుంచి మీ సృష్టికర్త నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ టీవీ కింద చెక్కపెట్టెలో, మెడకు నట్టు బిగించుకుని క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాను. సృష్టికర్త అన్నానని నవ్వుకోకండి. పాతిక రూపాయలకు కొనుక్కొచ్చిన మాట నిజమే. కానీ మీ ఆరు కాళ్ళకూ వైర్లు అతికించి, మీకో ఉద్యోగం ఇప్పించింది నేనే కదా!

ఈ ఇంట్లో నా మాట వినే వస్తువు ఒక్కటైనా ఉండాలన్న కోరికతోనే మిమ్మల్ని తెచ్చాను. టీవీ రిమోట్ మా అమ్మది. ఏసీ రిమోట్ మా ఆవిడది. వైఫై పాస్‌వర్డ్ మా అబ్బాయిది. నాకంటూ ఒక గుండ్రటి నాబ్ ఉండాలి, ఇటు తిప్పితే పాట పెరగాలి, అటు తిప్పితే తగ్గాలి. అంతకుమించి ఆశపడలేదు.

సుల్తాన్ బజార్‌లో మెట్రో దిగి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఆ గల్లీ గురించి మీకు నేను చెప్పాలా, మీ పుట్టిల్లే కదా. చీటీ తీసి చదివాను. బాస్, ట్రెబుల్ సర్దే టోన్ కంట్రోల్‌కు 4558 ఐసీ, సౌండు పెంచే యాంప్లిఫయర్‌కు టీడీఏ 2030 ఐసీలు రెండు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఇవన్నీ అతికించుకోవడానికి చిల్లుల బోర్డు, అదే జీరో పీసీబీ. చివరగా, “వంద కె కంట్రోళ్ళు మూడు, స్టీరియోవి” అన్నాను. కె అంటే వెయ్యి ఓంలు.

“ఏ కావాల్నా, బీ కావాల్నా?” అన్నాడు షాపతను.

“ఏది మంచిది?”

“రెండూ ఒక్కటే రేటు సార్.”

ఇంత నిష్పక్షపాతమైన సలహా నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. చీటీలో బాస్, ట్రెబుల్ పక్కన బీ అని రాసుంది కాబట్టి మూడూ బీలే ఇమ్మన్నాను. ఇంట్లో పిల్లలందరికీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టించిన వంశం మాది. అక్కడే, మూడు నాబులతో సహా తయారైన టోన్ కంట్రోల్ బోర్డు ఒకటి గోడకు వేలాడుతోంది. దాని ధర నా చీటీ మొత్తం కంటే తక్కువ. షాపతను వేలు పెట్టి మరీ చూపించాడు. నేను సీలింగ్ ఫ్యాను వైపు చూశాను. సొంతంగా చేసుకుంటే ఆ తృప్తే వేరు. ఆ తృప్తి ఖరీదు తర్వాత తేలింది: నాలుగు ఆదివారాలు, ఒక బొబ్బ, డైనింగ్ టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టిన మచ్చ. ఆ మచ్చ మీద ఇప్పుడు పూలకుండీ ఉంది. చుట్టాలు మెచ్చుకుంటున్నారు.

మీరు కాపురానికొచ్చిన మొదటి వారం కరకరలాడారు. దానికి మిమ్మల్ని తప్పు పట్టను. 12 వోల్ట్ల ఒంటి సప్లై మీద నడిపితే 4558 తన అవుట్‌పుట్ కాలి మీద ఆరు వోల్ట్లు మోస్తూ కూర్చుంటుంది. మధ్యలో ఒక కెపాసిటర్ అడ్డు పెట్టకపోతే ఆ నిలకడ వోల్టేజీ, అంటే డీసీ, అంతా మీ కార్బన్ పట్టీ మీదకొస్తుంది, తిప్పినప్పుడల్లా అప్పడం విరిచినట్టు చప్పుడవుతుంది. కెపాసిటర్ మరిచింది నేనే.

కానీ ఆ హమ్మింగ్ మాటేమిటి? పాట ఆగితే చాలు, కందిరీగల తుట్టె కదిలినట్టు మోత. మీ ఇనుప కాడ మీద వేలు పెడితే ఠక్కున ఆగుతుంది. వేలు తీస్తే మళ్ళీ మొదలు. చంటిపిల్లలను ఇలా జోకొట్టిన అనుభవం ఉంది గానీ, పాట విన్నంతసేపూ ఒక వస్తువును జోకొట్టడం ఇదే మొదలు. మీ ఒంటికి ఎర్త్ వైరు అతికిస్తే ఊరుకుంటారని తెలిసింది. అతికిద్దామంటే ఆ మెరుగు పూత మీద లెడ్డు నిలవదు, తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోతుంది. ఆకురాయితో గీకి, ఫ్లక్స్ పూసి, 25 వాట్ల ఐరన్ అక్కడే అదిమిపట్టి కూర్చున్నాను. లెడ్డు అంటుకునేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. వాటిని చూస్తూ ఉండమన్నది నాకే.

అసలు కథ ఆ తర్వాతి శుక్రవారానిది. చాలామంది మిమ్మల్ని కుళాయి అనుకుంటారు, తిప్పితే దారి మూసుకుంటుందని. మీది కుళాయి పని కాదు, కాలవ గట్టు మీద వాటాలు పంచే పెద్దమనిషి పని. ఎడమ, కుడి స్పీకర్ల చానళ్ళకు మీకు మూడేసి కాళ్ళు. మొదటి కాలికి సిగ్నల్ వస్తుంది, మూడో కాలు గ్రౌండ్‌లో ఉంటుంది, మా వాటా ఎంతో నడిమి కాలు తేలుస్తుంది. మూడో కాలు గ్రౌండ్‌ను వదిలేసిందంటే ఇక పంపకమే లేదు, వచ్చిందంతా మాకే. రెండు చానళ్ళ గ్రౌండ్ కాళ్ళనూ కలిపి ఒకే వైరుతో దించాను నేను. అది డ్రై సోల్డర్ అట, అంటే సరిగ్గా పట్టని అతుకు. ఊడింది.

ఉదయం ఐదున్నరకు అమ్మ దేవుడి పాటలు పెట్టింది. కాగితం మీద చూస్తే అది చిన్న యాంప్లిఫయరే. తెల్లవారుజామున ఐదున్నరకు ఏ యాంప్లిఫయరూ చిన్నది కాదు. అమ్మ మిమ్మల్ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతోంది, దేవుడు ఒక్క పిసరు తగ్గాడంతే. నేను లేచి ప్లగ్ పీకేలోపే కింది ఫ్లాటు పెద్దాయన కండువా వేసుకుని వచ్చి, “వ్రతమేదైనా పెట్టుకున్నారా, పిలవనేలేదే?” అన్నారు.

ఆ రోజే అమ్మ అద్దం మీద అంటించిన మెరూన్ రంగు బొట్టుబిళ్ళ ఒకటి ఒలిచి తెచ్చి, మీ నాబ్ పక్కన అంటించింది. మీరు ఏడు గంటల దగ్గర బయల్దేరి, గడియారం తిరిగిన వైపే తిరిగి ఐదు గంటల దగ్గర ఆగుతారు. బిళ్ళ తొమ్మిది దగ్గర పడింది. “ఇది దాటితే నేను మీ తమ్ముడింటికి పోతా” అంది అమ్మ. పది గంటల ప్రయాణానికి టికెట్ కొన్న నన్ను రెండు గంటలకే దింపేశారన్నమాట.

పోనీ ఆ రెండు గంటలైనా సరిగ్గా నడిచారా? ఇక్కడే బీ వంశం బుద్ధి బయటపడింది. బీ అంటే లీనియర్. తిప్పినంత మేరకు వోల్టేజీ ఇస్తుంది, ధర్మరాజు లెక్క. మా చెవులకు ఆ ధర్మం ఎక్కదు. వోల్టేజీ పదో వంతు ఉంటే చెవికి సౌండు సుమారు పావు వంతు ఉన్నట్టు వినిపిస్తుంది. అంటే ఏడు నుంచి ఎనిమిది గంటల మధ్యనే నిశ్శబ్దం నుంచి పావు సౌండు దాకా ఎగబాకారు. తక్కిన తొమ్మిది గంటలూ పింఛను తీసుకుంటున్నట్టు నడుస్తారు. రాత్రి పదిన్నరకు చిన్నగా ఒక పాత పాట పెట్టుకుందామంటే, మిమ్మల్ని మిల్లీమీటరులో సగం కదపాలి. అక్కడ కూడా ఎడమ స్పీకర్ ముందు లేస్తుంది, కుడిది ఇంకాస్త తిప్పితే గానీ దుప్పటి తీయదు. అదే “ఏ” వంశం వాళ్ళయితే, అంటే చెవి లెక్కకు తగ్గట్టు మెల్లగా మొదలయ్యే లాగ్ రకం కంట్రోళ్ళయితే, సగం తిప్పినా వోల్టేజీ పది, పదిహేను శాతమే వదులుతారు. వాళ్ళ లోపల ఉన్నదీ నిఖార్సైన లాగ్ కాదు, చాలామటుకు రెండు రకాల కార్బన్ పూతను అతికించిన సర్దుబాటే. అయినా సంసారం తెలిసిన సర్దుబాటు.

మీ తోడబుట్టినవాళ్ళు మాత్రం బంగారం. బాస్, ట్రెబుల్‌కు బీయే సరైనది. అంతకుముందు నేను ఐసీ లేకుండా ఉత్త కెపాసిటర్లు, రెసిస్టర్లతో ఒక టోన్ కంట్రోల్ కట్టాను. అది దళారీలా తొమ్మిది వంతులు మింగి పదో వంతు బయటకు వదిలింది. ఇప్పటిది ఇంగ్లండు ఇంజినీరు పీటర్ బాక్సాండల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వేసిన పద్ధతి. ఆయన పాతకాలపు గాజు వాల్వుతో చేశాడు, నేను 4558తో. నాబ్ నడుమ పెడితే పెంచేదీ లేదు, తగ్గించేదీ లేదు. ఈ గొప్పతనం మా అబ్బాయికి గర్వంగా చూపించాను.

“నడుమ పెడితే ఏమవుతుంది నాన్నా?”

“ఏమీ కాదు.”

“దానికి నాలుగు ఆదివారాలా?”

వాడికి తెలియనిది ఒకటుంది. సౌండు తగ్గేకొద్దీ మన చెవి ముందుగా బాస్‌నే వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్లు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. బొట్టుబిళ్ళ కింద బతికే ఇంటికి బాస్ నాబ్ విలాసం కాదు, మందు. రెండు గంటల దగ్గర పెట్టాను, చిన్న సౌండులోనూ మృదంగం నిండుగా పలికింది. కింది ఫ్లాటు పెద్దాయనకు పాట వినపడదట, మృదంగం మాత్రం మంచం కోళ్ళ గుండా అందుతోందట. ఆయన సంగతి వేరే ఉత్తరం.

మిమ్మల్ని పీకేసి “ఏ” వంశం సంబంధం చూద్దామనుకున్నాను. ఇంతలో పాత మందుల డబ్బాలో గోధుమ, ఆకుపచ్చ, నారింజ చారల 15కె రెసిస్టర్లు రెండు దొరికాయి. చానల్‌కు ఒకటి చొప్పున మీ నడిమి కాలికీ గ్రౌండ్‌కూ మధ్య అతికించాను. అంతే, మీ బీ బుద్ధి మారింది. పాత తొమ్మిది గంటల సౌండు ఇప్పుడు పన్నెండు దగ్గర వస్తోంది. ఇంకో మూడు గంటల విశాలమైన రాజ్యం! అమ్మ దగ్గరకు పరుగెత్తి, బిళ్ళ పన్నెండుకు జరపమని, సౌండు అంతే ఉంటుందని, డెసిబెల్స్‌తో సహా వివరించాను.

“బిళ్ళ బిళ్ళే” అంది.

కాబట్టి ఇప్పుడు తొమ్మిది దగ్గర వోల్టేజీ ఇదివరకటిలో సగం. ఇంజినీరింగ్‌లో గెలిచి, ఇంట్లో సగం జీతానికి దిగాను.

మీ కాడ గుండ్రటిది కావడం ఒక్కటే నా అదృష్టం. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక నాబ్ స్క్రూ వదులు చేసి, మూడు గంటలు వెనక్కి తిప్పి బిగించాను. పన్నెండులో మీరున్నా, బయటికి గీత తొమ్మిదే చూపిస్తుంది. బిళ్ళ దాటలేదు. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలని ప్రార్థన.

ఇట్లు,
మీ కాళ్ళు పట్టుకున్నవాడు

తా.క.: మిమ్మల్ని పూర్తిగా తగ్గిస్తే గీత ఇప్పుడు ఏడు దగ్గర కాక నాలుగు దగ్గర ఆగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఈ పొద్దున చూస్తే నాలుగు దగ్గర కూడా ఒక బిళ్ళ ఉంది.