హాల్డేన్ గారు ఒప్పుకున్నారట!

మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో సైన్స్ ఉదయం ఐదున్నరకి మొదలై ఆరింటికి ముగుస్తుంది. ఆరింటికి గులాబీపువ్వుతో శుభోదయం పెట్టాలి కాబట్టి అంతకు మించి టైమ్ ఉండదు. ఆ అరగంటలోనే న్యూటన్, ఐన్‌స్టీన్, నాసా వాళ్లు వరసలో నిలబడి మన పూర్వీకులకి దండం పెట్టి వెళ్లిపోతారు. మొన్న ఆ వరసలోకి ఓ కొత్త మనిషి వచ్చాడు. "దశావతారాలే పరిణామ సిద్ధాంతం!! బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ సైతం ఒప్పుకున్నాడు!!!" పంపింది మా పెదనాన్న. చివర్లో, నిజమైన భారతీయుడివైతే పదకొండు మందికి పంపమని హెచ్చరిక.

ఒప్పుకోవడం అనే మాట మనం ఇద్దరికే వాడతాం. స్టేషన్లో దొంగలకి, వాట్సాప్‌లో తెల్లవాళ్లకి.

ఆయన ఏదో అన్నాడనే అంటారు. చేప, తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు అనే వరస వెన్నెముక ఉన్న జంతువుల పరిణామాన్ని ఉజ్జాయింపుగా గుర్తు చేస్తుందన్నాడట. ఆ "ఉజ్జాయింపుగా" ప్రయాణం మధ్యలో ఎక్కడ దిగిపోయిందో ఎవరికీ పట్టలేదు. నాస్తికుడైన ఓ మనిషి సరదాగా చేసిన పోలిక మా పెదనాన్న ఫోన్‌కి చేరేసరికి వాంగ్మూలమైపోయింది.

జె.బి.ఎస్. హాల్డేన్ అసలు చేసిన పనికి మూడు ఆశ్చర్యార్థకాలు చాలవు. డార్విన్ కథలా చెప్పినదానికి లెక్క కట్టినవాళ్లలో ఈయన ఒకడు. బొగ్గు మసి పట్టిన మాంచెస్టర్‌లో తెల్లటి చిమ్మటలు పోయి నల్లవే మిగిలాయి. అంత తక్కువ కాలంలో అలా మిగలాలంటే తెల్లవి రెండు బతికే చోట నల్లవి మూడు బతకాలని 1924లోనే కాగితం మీద తేల్చాడు. దీన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. చిమ్మటకి గోత్రం లేదు కదా.

పోనీ, మనకి సంబంధించినవైనా చేస్తారా? హాల్డేన్ 1957లో లండన్ ఉద్యోగం వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేశాడు, తర్వాత భారత పౌరుడయ్యాడు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఉన్నాడు. 1960లో ఈ కుర్రాడు ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు ముందేసుకుని, మగవాళ్ల చెవుల మీద మొలిచే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకే, అంటే వై క్రోమోజోమ్ దారిలో, వస్తున్నాయని పేపర్ రాశాడు. తర్వాతివాళ్లు అంత సూటిగా లేదని అభ్యంతరం పెట్టారు. సైన్స్ అంటే అదే మరి, చెవి వెంట్రుకని కూడా ఊరికే నమ్మదు. ప్రపంచ జన్యుశాస్త్రానికి మన తాతలు నిజంగా ఇచ్చిన కానుక అదీ. రోజూ అద్దంలో ఆ కానుకని చూసుకునే మా పెదనాన్న మాత్రం చేప, తాబేలు దగ్గరే ఆగిపోయాడు.

1963లో అదే ద్రోణంరాజు, మీరాఖాన్ అనే మరో పరిశోధకుడు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద ఇంకో పేపర్ ప్రచురించారు. అది తలచుకున్నప్పుడల్లా నా కళ్ల ముందు ఓ పెళ్లి పందిరి కదులుతుంది. ఊహే లెండి. గోదావరి జిల్లా, వైశాఖం, ఉక్కపోత. బట్టతల, గుబురు మీసం, లాల్చీతో ఓ భారీ తెల్లదొర, అదే మన హాల్డేన్, మడతకుర్చీలో కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు.

"అబ్బాయి అమ్మాయికి ఏమవుతాడండీ?"

"సొంత మేనమామ బాబూ! పరాయి సంబంధం మా ఇంటావంటా లేదు."

దొర 1/8 అని రాసుకున్నాడు. పెళ్లికూతురి తాతగారు తొంగి చూసి, "కట్నంలో వాటాయా?" అన్నాడు.

"కాదండీ. పుట్టబోయే బిడ్డకి ఏ జన్యువు తీసుకున్నా, తల్లి ఇచ్చిందీ తండ్రి ఇచ్చిందీ ఒకే పూర్వీకుడి నకలు అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి."

"అదీ సంగతి! మా సొత్తు గడప దాటదు."

"జబ్బు కూడా దాటదండీ."

తాతగారు కాసేపు ఆలోచించాడు. "మరి బావామరదళ్లకిస్తే?"

"పదహారింట ఒకటి."

"వామ్మో, సగానికి సగం నష్టం!"

ఇంతలో పురోహితుడు అందుకున్నాడు. ఈయన మన కాలంవాడు, పొరపాటున ఆ పెళ్లికి వచ్చాడు, చేతిలో సెల్‌ఫోన్ కూడా ఉంది. "దోషమేం లేదు దొరగారూ. గోత్రాలు వేరు. గోత్రమంటే వై క్రోమోజోమే, మన ఋషులకి ముందే తెలుసు."

"గోత్రం తండ్రి దారి ఒక్కటే చూస్తుంది కదండీ. ఈ అబ్బాయికీ అమ్మాయికీ చుట్టరికం అమ్మాయి వాళ్లమ్మ వైపు నుంచి. ఆవిడ ఇచ్చినవి ఏ లెక్కలో వేస్తారు?"

"ఆడవాళ్లదేముందండీ..." అని పురోహితుడు నవ్వి ఫోన్ చూసుకున్నాడు. చెవి వెంట్రుకల సంగతి అప్పటికే పందిరంతా పాకింది. పెద్దలు వరస కట్టారు. మా తాతకి జానెడుండేవని ఒకాయన, మావి ఉంగరాలు తిరుగుతాయని ఇంకొకాయన. దొర తానూ తగ్గకూడదని చుట్ట వెలిగించి, చెవిలోంచి పొగ వదిలాడు. ఇది మాత్రం నా ఊహ కాదు. జలాంతర్గాముల్లో మనుషులు ఎలా చస్తారో తెలుసుకోవడానికి పీడన గదుల్లో తానే కూర్చునేవాడు, కర్ణభేరికి చిల్లు పడింది. చెవి కొంచెం వినపడకపోయినా అందులోంచి పొగ వదిలే విద్య వచ్చిందని ఆయనే రాసుకున్నాడు.

నవ్వింది చాలు.

2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, సాక్షాత్తూ ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ పిల్లల ముందు నిలబడి, డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమని సెలవిచ్చారు. రావణుడికి 24 రకాల విమానాలు ఉన్నాయని కూడా చెప్పారు. మా పెదనాన్నకి రిటైరైన తీరిక ఉంది, క్షమిస్తాను. ఈయనకి ఏముంది?

2023లో కేంద్ర ప్రభుత్వానికి పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పదో తరగతి పుస్తకంలో పరిణామం మాయమైంది. "అనువంశికత, పరిణామం" అన్న పాఠం ఒట్టి "అనువంశికత"గా మిగిలింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. పిల్లలకి భారం తగ్గించామని, పన్నెండో తరగతిలో ఉంది కదా అని జవాబు. పన్నెండులో బయాలజీ తీసుకునేది ఎంతమంది? పదితో చదువు ఆపేసే పిల్ల ఎక్కడ చదువుకోవాలి, పెదనాన్నల దగ్గరా?

అదే 2023 జూలైలో అదే ప్రభుత్వం సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వారసత్వ జబ్బు) నిర్మూలన మిషన్ మొదలెట్టింది, గిరిజన ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది. మంచి పని. మన ఏజెన్సీల్లో ఒళ్లు విరిచేసే నొప్పితో పిల్లలు ఆసుపత్రి బల్లల మీద మెలికలు తిరుగుతుంటే, ఈ జబ్బు మాకే ఎందుకొచ్చిందని తల్లి అడుగుతుంది. శాపమనో పాపమనో చెప్పేవాళ్లు పక్కనే ఉంటారు. దానికి జవాబు దారి హాల్డేన్ 1949లో చూపించాడు. తలసీమియా అనే మరో వారసత్వ రక్తజబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లని మలేరియా అంతగా చంపలేదేమో, అందుకే ఆ జన్యువు నిలిచి ఉందేమో అన్నాడు. 1954లో సికిల్ సెల్ విషయంలో అది నిజమని ఆఫ్రికాలో తేలింది. అమ్మా, ఇది నీ పాపం కాదు, నీ ముత్తాతల్ని దోమ నుంచి కాపాడిన జన్యువే రెండువైపుల నుంచీ చేరి నీ బిడ్డని బాధిస్తోంది. ఇదే పరిణామం అంటే. ఈ రెండు వాక్యాలు అర్థమయ్యే పాఠాన్ని చింపేసి, ఆ పిల్ల చేతిలో జన్యు పరీక్ష కార్డు పెట్టారు. చింపినవాళ్లకి భారం తగ్గిందట! ఎవరి భారం?

పెదనాన్నకి ఇదంతా టైప్ చేసే ఓపిక నాకు లేదు. ఒక్క విషయమే పెట్టాను. హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు, తన శరీరం తనకిక పనికిరాదు కాబట్టి చదువుకునే పిల్లలకి పనికిరావాలని వీలునామా రాశాడు, దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు, పిండాలూ లేవు పిడకలూ లేవు అని.

చాలాసేపు నీలం టిక్కులే. తర్వాత జవాబు వచ్చింది. "చూశావా నాన్నా, ఆఖరికి మోక్షం కోసం మన గోదావరి జిల్లాకే రావాల్సొచ్చింది. ఇది గ్రూపులో పెడతాను."

మర్నాడు ఐదున్నరకి పెట్టాడు కూడా.