పాత టిల్లర్‌ని తొందరపడి అమ్మేయకండి

ఏళ్లుగా షెడ్డులో పడి ఉన్న పవర్ టిల్లర్‌కి (చేత్తో నడిపే దున్నే యంత్రం) డబ్బు పెట్టడం దండగ, ఇనుము కింద అమ్మేయండి అని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కామ్కో, వీఎస్టీ లాంటి కంపెనీల డీజిల్ టిల్లర్లకి ఉన్నది ఒకటే సిలిండర్. చిన్న రైతు స్వయంగా విప్పి చూసుకోగల ఇంజన్ అది.

ముందు తేలాల్సింది ఇంజన్ పట్టేసిందా, అంటే లోపల పిస్టన్ కదలకుండా బిగుసుకుపోయిందా లేదా అన్నదే. స్టార్ట్ చేసే హ్యాండిల్ తిరగకపోతే బలవంతం చేయొద్దు. ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) విప్పి, ఆ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి కొంచెం ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు వదిలేసి, మెల్లగా అటూ ఇటూ కదపాలి. చాలాసార్లు వదులవుతుంది. దీన్ని చూడకుండానే బోరు చేయించాలనే (సిలిండర్ లోపలి గోడ కోయించాలనే) మెకానిక్‌ని నమ్మకండి.

తర్వాత పాత డీజిల్ మొత్తం తీసేసి ట్యాంకు కడగాలి. అడుగున నీళ్లు, జిగురు ఉంటాయి, డీజిల్ పంపుని పాడుచేసేవి అవే. కొత్త ఫిల్టర్, కొత్త ఇంజన్ ఆయిల్ వేశాక డీజిల్ పైపుల్లో గాలి పూర్తిగా తీయాలి. గాలి ఉన్నంతసేపూ ఎంత తిప్పినా స్టార్ట్ కాదు.

టైర్లు, పెయింటు ఆఖరికి. ఇంజన్ బ్లాక్‌కి (సిలిండర్ ఉండే పోత ఇనుము భాగానికి) పగులు ఉంటే మాత్రం అమ్మేయడమే నయం, అందుకే రూపాయి ఖర్చు పెట్టకముందే అది చూసుకోండి.