పాత మద్రాసు రోడ్డు స్థలపురాణం

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి బెంగళూరు పాత మద్రాసు రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ స్టాపు దగ్గర చిత్తూరు బస్సు కోసం నిలబడ్డవాడికి చరిత్ర మీద ఆసక్తి దానంతటదే పుడుతుంది. వేరే పనేముంటుంది? మొన్నటి వారం గంటా నలభై నిమిషాల పరిశోధనలో ఈ దారి గురించి నేను తేల్చిన సంగతులు పండితుల ముందు పెడుతున్నాను.

1791లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దొర బెంగళూరు మీదికి వచ్చింది ఈ వైపునుంచే. టిప్పు సుల్తాన్ ఆంబూరు వైపు కళ్లు పెట్టుకుని ఉంటే, దొర చడీచప్పుడు లేకుండా మొగిలి ఘాటు ఎక్కేసి, పలమనేరు, కోలారు, హోస్కోటె మీదుగా మార్చి 5కల్లా కోట ముందు దిగాడు. వెంట ఏనుగులు, ఫిరంగులు, లెక్కలేనన్ని ఎడ్లు. అంత మందతో ఘాటెక్కాడు కాబట్టి గొప్ప సేనాని అంటారు. నేనొప్పుకోను. అప్పటికి ఈ టిన్ ఫ్యాక్టరీ పక్కన బళ్లన్నీ ఇరుక్కుపోయే కేఆర్ పురం వేలాడే వంతెన లేదు. పైగా ఆయన ఊళ్లోకి వస్తున్నాడు, ఊరు విడిచి పోవడం లేదు. అవే ఎడ్లతో శుక్రవారం సాయంత్రం ఇక్కణ్నుంచి హోస్కోటెకి పొమ్మనండి, తెలుస్తుంది. పదేళ్ల ముందు అమెరికాలో యార్క్‌టౌన్‌లో ఓడిపోయి, ఒంట్లో బాగాలేదని లొంగుబాటు కత్తిని కింది అధికారి చేత పంపించాడు చూడండి, ఇక్కడా అలాగే సిక్ లీవ్ పెట్టేవాడు.

ఇక పేరు. మద్రాసు 1996లో చెన్నై అయింది. రోడ్డు మాత్రం పాత మద్రాసులోనే ఉండిపోయింది. (కదలకపోవడం దాని స్వభావమని ముందే మనవి చేశాను.) నంబరు కథ ఇంకా విషాదం. ఒకప్పుడిది 4వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లన్నీ తిరగరాసి, దీనికి ముళబాగిలు దాకా 75, అక్కణ్నుంచి చిత్తూరు దాకా 69 తగిలించారు. మరి ఆ 4 ఏమైంది? అండమాన్ పంపించేశారు. నిజం, ఇప్పుడది అక్కడి రోడ్డు నంబరు. ఏ నేరానికి ఆ ద్వీపాంతరవాసమో ఎవరూ చెప్పరు.

చెన్నైకి కొత్తగా ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది కదా అని పక్కన నిలబడ్డ కుర్రాడు ధైర్యం చెప్పాడు. వస్తోంది. అది మొదలయ్యేది హోస్కోటె దగ్గర.

ఎనిమిదీ పదికి బస్సు దొరికింది. ముళబాగిలంటే అసలు మూడలబాగిలు, మైసూరు రాజ్యానికి తూర్పు వాకిలి. ఆ వాకిలి దాటి ఆంధ్రా సరిహద్దు దగ్గరి నంగలి వచ్చిందంటే మావాళ్లకి ఇల్లు వచ్చేసినట్టే. అందుకే అమ్మ ఫోన్ చేసి అడిగింది: "నంగలి దాటినారా నాయనా?"

"లేదుమా, ఇంకా వంతెన కిందే ఉండాం."

"బస్సెక్కి గంటయిందంటివే?"

కండక్టరు విన్నట్టున్నాడు. "హోస్కోటె దాటితే అంతా హైవేనే సామీ" అన్నాడు. డ్రైవరు ఇంజను ఆపి టీకి దిగాడు.